రోడ్డు దాటేందుకు ఇంకో పది సెకన్లు ఇవ్వండి

సంపాదకుడికి,

పెద్దవాళ్లు రోడ్డు మీద తూలి పడితే మన నోట ముందుగా వచ్చే మాట, "ఈ వయసులో ఒంటరిగా బయటికెందుకు రావాలి?" నెపం వయసు మీదికి పోతుంది. రోడ్డు ఎలా ఉందని ఎవరూ అడగరు.

నడక కాళ్ల పనే అనుకుంటాం. చదునైన నేల మీద, తొందర లేనప్పుడు చాలావరకు అంతే. నడుస్తూ మాట్లాడాలన్నా, వచ్చే బండ్లను కనిపెట్టాలన్నా మెదడు తన ధ్యాసను రెండింటికీ పంచాలి. తొడల్లో సత్తువ, ఒంటిని నిలబెట్టుకునే పట్టు ఉన్నవారికి ఇది తెలియకుండానే జరిగిపోతుంది. అవి తగ్గినవారు అడుగడుగూ చూసుకోవాలి, ఇక రెండో పనికి ధ్యాస ఎక్కడ మిగులుతుంది? స్వీడన్ పరిశోధకులు 1997లో ప్రచురించిన అధ్యయనంలో, వసతి గృహాల్లో ఉంటున్న 58 మంది వృద్ధులను నడుస్తుండగా మాటల్లో పెట్టారు. బదులివ్వడానికి 12 మంది నడక ఆపేశారు. ఆ తర్వాత ఆరు నెలల్లో వారిలో 10 మంది కింద పడ్డారు.

మా విజయవాడలో రైతుబజారు నుంచి తిరిగొచ్చే పెద్దావిడను చూడండి. ఒక చేతిలో కూరగాయల సంచి, రెండో చేత్తో ఎత్తిపట్టిన కుచ్చిళ్లు. కాళ్ల కింద పెచ్చులూడిన తారు, ఎడమ నుంచి ఆగకుండా దూసుకొచ్చే బైకులు, ఎదురు దారిలో ఒక ఆటో, పైన సిగ్నల్‌లో తరిగిపోతున్న సెకన్ల అంకెలు. ఆవిడ నడిరోడ్డున ఆగిపోతుంది, వెనక నుంచి హారన్లు మోగుతాయి. అన్నిటినీ ఒకేసారి చూసుకోలేకే ఆవిడ ఆగింది, మొండితనం వల్ల కాదు.

బ్రిటన్‌లో పాదచారుల సిగ్నళ్లకు చాలాకాలం పాటు సెకనుకు 1.2 మీటర్ల నడకను లెక్కగా పెట్టుకున్నారు. ఇంగ్లండ్‌లో 65 దాటినవారి నడకను కొలిచి 2012లో ప్రచురిస్తే, అత్యధికులు ఆ వేగం అందుకోలేదని తేలింది. మహిళల సగటు 0.8 మీటర్లే. అంటే 24 మీటర్ల రోడ్డుకు 20 సెకన్లు ఇస్తే, వారికి కావలసింది 30. చేతిలో సంచీ, చుట్టూ బండ్లూ ఉంటే అదీ చాలదు.

ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు రాజ్యాంగంలో జీవించే హక్కునిచ్చే 21వ అధికరణలో భాగమని సుప్రీంకోర్టు 2025 మేలో స్పష్టం చేసింది. మన ఫుట్‌పాత్‌ల మీద మాత్రం ఇంకా బైకులూ ట్రాన్స్‌ఫార్మర్లూ నిలిచి ఉన్నాయి. ముందు వాటిని తొలగించాలి. ఆసుపత్రులు, రైతుబజార్లు, బస్టాండ్ల దగ్గర సిగ్నల్ సమయాన్ని పెద్దల నడకను బట్టి మళ్లీ లెక్కగట్టాలి.

ఆరోగ్య కేంద్రాల్లో బీపీ, షుగర్ చూసేటప్పుడే నాలుగడుగులు నడిపించి, మాట్లాడిస్తూ చూడటానికి యంత్రమేమీ అక్కర్లేదు. నడక తడబడేవారికి కాళ్ల బలం, నిలకడ పెంచే వ్యాయామాలు నేర్పితే పడిపోవడాలు తగ్గుతాయని పరిశోధనల్లో రుజువైంది. వార్డు పార్కుల్లో వారానికి కొన్ని రోజులైనా ఈ వ్యాయామాలు నేర్పించే ఏర్పాటు చేయాలని నగరపాలక సంస్థలను కోరుతున్నాను.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, విజయవాడ