జల్లు వేశాక సుడిలో పురుగు మీద సదస్సా?

సంపాదకులకు,

గత నెల చివర్లో మీ జిల్లాల పేజీలో మొక్కజొన్నలో కత్తెర పురుగు నివారణపై రైతులకు అవగాహన సదస్సు జరిగిందని వార్త వేశారు. కోపం తగ్గాక రాద్దామని ఇన్ని రోజులు ఆగాను. తగ్గలేదు, అందుకే రాస్తున్నాను.

ఆ వార్తను మూడుసార్లు చదివాను. జ్యోతి వెలిగించినవారెవరో ఉంది. అధ్యక్షత వహించినవారు, శాలువా కప్పినవారు, కప్పించుకున్నవారు, వందన సమర్పణ చేసినవారు, అందరి పేర్లూ హోదాలతో సహా ఉన్నాయి. పురుగును ఎలా గుర్తుపట్టాలో, ఎన్ని రోజుల పైరులో ఏం చేయాలో మాత్రం ఒక్క ముక్క లేదు. ఫొటోలో వేదిక మీద తొమ్మిది మందిని లెక్కపెట్టాను. రైతులవి వీపులు కనిపించాయి, అవీ రెండు వరుసలే. "రైతులు ఉత్సాహంగా పాల్గొన్నారు" అని కింద రాశారు. వీపులు చూసి ఉత్సాహం ఎలా కనిపెట్టారో మీ విలేఖరినే అడగాలి.

అసలు బాధ తేదీతో. చిక్కబళ్ళాపురం జిల్లాలో మా తమ్ముడు జూన్ చివర్లో మొక్కజొన్న విత్తాడు. ఆ సదస్సు నాటికి పైరు జల్లు (మొక్క కొసన వచ్చే మగ పూగుత్తి) వేసి, కంకులకు పీచు కూడా వచ్చేసింది. ఈ పురుగు పని పట్టవలసింది లేత పైరులో, ఆకుల మీద సన్నని చిల్లులు, తెల్లటి పొరలాంటి మచ్చలు కనిపించిన రోజుల్లో. అది ఎదిగి సుడిలోకి, అంటే మొక్క నడిమి లేత ఆకుల చుట్టలోకి దిగిందంటే, పైనుంచి ఎంత మందు కొట్టినా దాని దాకా పోదు.

జూలైలో ఒక ఆదివారం ఊరికి వెళ్లినప్పుడు తమ్ముడు ఒక మొక్క సుడి విప్పి చూపించాడు. లోపలంతా తడిసిన రంపపు పొట్టులా పురుగు విసర్జన కుక్కుకుపోయి ఉంది. దాన్ని పుల్లతో తీస్తే అడుగున పురుగు. తల మీద తలకిందులుగా రాసిన ఇంగ్లీషు వై అక్షరం, తోక దగ్గర చతురస్రంగా నాలుగు చుక్కలు. అప్పటికే వాడు రెండుసార్లు మందు కొట్టాడు. ఏ మందు అంటే, పురుగుమందుల దుకాణం అతను ఇచ్చిన మందు. మా ప్రాంతంలో ఇప్పుడు వ్యవసాయ శాస్త్రవేత్త, విస్తరణాధికారి అన్నీ ఆ దుకాణం అతనే. అరువు కూడా ఇస్తాడు కనుక ఎదురు అడగడానికీ లేదు.

హోబళిలో (కొన్ని ఊళ్లు కలిపిన రెవెన్యూ విభాగం) వ్యవసాయ శాఖ వారి రైతు సంపర్క కేంద్రానికి వెళ్లలేదా అంటే వెళ్లాడు. అక్కడ టార్పాలిన్ల కోసం వరుస, ఫ్రూట్స్ (ప్రభుత్వ రైతు నమోదు) గుర్తింపు సంఖ్యలో పేరు తప్పు పడిందని వచ్చినవారి వరుస. ఉన్న ఒక్క ఉద్యోగి తల ఎత్తకుండా, "ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టండి, చూస్తాను" అన్నాడట. పెట్టాడు. వారం తర్వాత రెండు నీలి గీతలు వచ్చాయి. అంతవరకు చూసినట్టే. ఆయన్ను ఒక్కణ్ణే తప్పుపట్టను, పక్క హోబళి కూడా ఆయన నెత్తినే ఉందట.

మా నాన్న కాలంలో వ్యవసాయ సలహాలు చెప్పే గ్రామసేవక్ సైకిలు మీద వచ్చేవాడు. ఇండియా రాగినీ ఆఫ్రికా రాగినీ కలిపి చేసిన ఇండాఫ్ విత్తనం మా చేలోకి వచ్చింది అలాగే. 1970ల చివర్లో పద్ధతి మార్చి, పదిహేను రోజులకొకసారి ఫలానా వారం ఫలానా ఊరు అని రోజు కట్టారు. మా ఊరికి మంగళవారం. ఆయన రాకపోతే మంగళవారం కాదేమో అనుకునేవాళ్లం. 2000లో హోబళికొక రైతు సంపర్క కేంద్రం వచ్చింది. మంచిదే అనుకున్నాం. తీరా చూస్తే, అధికారి చేనుకు రావడం పోయి రైతు ఆఫీసుకు పోవడం మిగిలింది.

ఈ పురుగు మన దేశంలో మొదట బయటపడింది 2018లో, మన కర్ణాటకలోనే, శివమొగ్గ వైపు. గుర్తుపట్టిందీ మన శాస్త్రవేత్తలే. అయినా ఇన్నేళ్ల తర్వాత కూడా వ్యవసాయ శాఖకు అది ఏ నెలలో వస్తుందో తెలియదంటే నమ్మమంటారా? నాకు తోచిన కారణం వేరే. సదస్సుకు బిల్లు పెట్టే నెల ఒకటి ఉంటుంది, పురుగు దాన్ని పట్టించుకోదు. ముప్పై ఏళ్లు బ్యాంకులో పంట రుణాల కాగితాలు చూసినవాణ్ణి, ఆ మాత్రం తెలుసు.

మీ పత్రికనూ వదలను. టమాటా కిలో వంద దాటితే మొదటి పేజీ. అదే టమాటాను కోలారు రైతు రోడ్డు పక్కన పారబోస్తే లోపలెక్కడో నాలుగు వరుసలు. నవంబరులో బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం ప్రాంగణం జీకేవీకేలో కృషి మేళా జరుగుతుంది, లక్షలు పలికే హళ్ళికార్ జాతి ఎద్దు ఫొటో మళ్లీ వేస్తారు. వేయండి, ఏటా వెళ్లి రాగి ముద్ద తిని వచ్చేవాణ్ణే. కానీ జూలై మొదటి వారంలో ఆ ఎద్దు కొమ్ముల మేర స్థలం చాలు, "ఈ వారం సుడులు విప్పి చూసుకోండి" అని పెద్ద అక్షరాల్లో వేయడానికి. ఆ రోజు జ్యోతి ఎవరు వెలిగించారో వేయకపోయినా మేమేమీ అనుకోం.

ఇట్లు,
ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి,
రామమూర్తినగర్, బెంగళూరు