పాత వైద్య భవనాల తలుపులు తెరిచినప్పుడు

సంపాదకులకు,

కొన్ని పాత వైద్య సంస్థల భవనాలను ఏడాదిలో ఒకటి రెండు రోజులే తెరుస్తున్నారంటే అది సిబ్బంది బద్ధకం కాదు. మెట్లు ఇరుకు, చెక్క పాతది. గాజు సీసాల్లో అవయవాలను నిలవ ఉంచే ఆల్కహాల్ మండుతుంది, మూత వదులైతే ఆవిరవుతుంది. పాత కాగితాల మీద వెలుతురు 50 లక్స్ దాటనివ్వరు, ఎందుకంటే వెలిసిన సిరా మళ్లీ రాదు. అందుకే చిన్న బృందాలనే పంపుతారు. ముందుగా పేరు నమోదు చేసుకోవాలి, వీపు సంచి బయట వదలాలి, ఫ్లాష్ వాడకూడదు. మోకాళ్ల నొప్పులున్నవారు లిఫ్ట్ ఉందో లేదో ముందే అడగాలి. లండన్‌లో 1822 నాటి శస్త్రచికిత్స గదికి ప్రధాన దారి గుండ్రంగా తిరుగుతూ పైకెళ్లే 52 మెట్ల ఇరుకు దారి.

పాత శస్త్రచికిత్స గది లోపలికి వెళ్లాక ముందు పైకప్పు చూడండి. విద్యుత్తు లేని రోజుల్లో శస్త్రవైద్యుడి కత్తికి వెలుగు ఎక్కువగా పైనున్న అద్దాల కిటికీ నుంచి వచ్చేది. ఇటలీలోని పడువాలో 1595 నాటి శరీర శాస్త్ర మందిరంలో ఆరు వరుసలు కోడిగుడ్డు ఆకారంలో నిటారుగా లేస్తాయి. వెనక నిలబడ్డ విద్యార్థికీ శవాన్ని కోసి చూపే కింది బల్ల కనిపించాలి కదా! శస్త్రచికిత్సకు ఈథర్ ఆవిరితో ఇచ్చే మత్తు 1846లో గాని బహిరంగంగా నిరూపణ కాలేదు. అంతకు ముందటి గదుల్లో శస్త్రవైద్యుడికి వేగమే ప్రాణం. శస్త్రచికిత్స బల్ల కింద రంపపు పొట్టు పెట్టె రక్తం పీల్చడానికి. గైడ్‌లు దీన్ని తరచూ దాటేస్తారు, మీరే అడగండి.

సందర్శన రోజుల వార్త వేసేటప్పుడు మెట్ల సంఖ్య, నమోదు గడువు కూడా ప్రచురించాలని మనవి.

— ఒక పాఠకుడు