తుమ్మ పిడులు నాలుగు పంపుతున్నాను

దేవరకొండ,
ఆదివారం.

చిరంజీవి అమ్మాయికి నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ అందరమూ క్షేమము. ఐటీఐలో ఫిట్టర్ తరగతులు మొదలై మూడు వారాలు గడిచినా ఇనుమును అరగదీసే ఆకురాయి పట్టించడం తప్ప మరో పని చెప్పడం లేదని, అరచేతులు బొబ్బలెక్కాయని నీవు ఫోనులో అమ్మతో అన్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. బొబ్బల గురించి నాకు దిగులు లేదు, నాలుగు రోజులు పోతే అవే కాయలు కాస్తాయి. కానీ అక్కడి ఆకురాళ్లలో సగానికి పిడులు లేవని, తోకకు గుడ్డ చుట్టి పని నడిపిస్తున్నారని ఆ మాటల మధ్యనే అన్నావు. అది విన్నప్పటి నుండి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

ఆకురాయి తోక మేకులాగా సన్నబడి మొనదేలి ఉంటుంది. ముందుకు తోసేటప్పుడు ఒంటి బరువంతా దాని మీదనే ఉంటుంది కనుక, ముందు కొస ఇనుముకు తట్టుకుని ఆగిందంటే వెనుక ఉన్న ఆ మొన నేరుగా అరచేతిలోకో మణికట్టులోకో దిగుతుంది. గుడ్డ దానిని ఆపలేదు. పిడి లేని ఆకురాయిని నీవు పట్టవద్దు. సారు అడిగితే మా నాన్న వడ్రంగి, పిడులు పంపిస్తున్నాడని చెప్పు.

ముప్పై ఏండ్లకు పైగా ఈ పనిలో ఉండి నేను చూసిన గాయాలను ఒక్కొక్కటిగా తలచుకుంటే, ఉలి జారి చర్మం తెగడం, సుత్తి తప్పి గోరు నల్లబడటం వంటివి లెక్కలోనివే కావు. పెద్ద దెబ్బలన్నీ ఒక పనిముట్టుతో మరొక పనిముట్టు పని చేయించబోయినప్పుడు తగిలినవే. ఉలిని పేచ్‌కస్‌గా వాడతారు, పానాను సుత్తిగా వాడతారు, ఆకురాయితో డబ్బా మూత పెకలించబోతారు. ఆకురాయి ఇనుమును కొరకాలి కనుక దానిని కాల్చి, ముంచి, చాలా గట్టిగా చేస్తారు. అంత గట్టిదనం వచ్చిన ఉక్కుకు పెళుసుదనం కూడా వస్తుంది. కనుకనే అది వంగదు, గాజులాగా పుటుక్కున విరిగి ముక్క కంటి మీదికి ఎగురుతుంది. సుత్తితో దానిని కొట్టినా అంతే.

నా ఎడమ చూపుడు వేలి కొసను రంపం కోసిందని నీ చిన్నతనంలో చెప్పాను. అది నిజం కాదు. ట్రాక్టర్లు వచ్చి మీ తాత చేసే నాగళ్లకు, బండి చక్రాలకు గిరాకీ పోయిన తరువాత నేను హైదరాబాదులో ఒక గుత్తేదారు దగ్గర ఫర్నిచర్ పనికి కుదిరాను. ఒకనాడు ప్లైవుడ్ కోసే మిషను చెడిపోతే, నాలుగు అంగుళాల చేతి గ్రైండరుకు బిళ్లను కప్పి ఉంచే గార్డు ఊడదీసి, చెక్క కోసే పళ్ల బ్లేడు బిగించాను. ఎవరూ బలవంతపెట్టలేదు, పొద్దుగూకే లోపల ముగించాలన్న తొందర నాదే. గ్రైండరు బిళ్ల అరిగిపోతూ ఇనుమును అరగదీస్తుంది, పళ్ల బ్లేడు కొరికి పట్టుకుంటుంది. నిమిషానికి 11,000 సార్ల దాకా తిరిగే మిషనులో ఆ పన్ను చెక్కకు చిక్కుకోగానే మొత్తం మిషను నా వైపు ఎగిరింది. మొదట నొప్పి తెలియలేదు. ప్లైవుడ్ మీద ఎర్రని చుక్కలు చూసి, రంగు డబ్బా ఎవరు ఒలకబోశారా అని వెనుకకు తిరిగి చూశాను.

అందువల్ల బిళ్ల మీద ముద్రించిన అంకెను చదవకుండా గ్రైండరుకు ఏదీ బిగించవద్దు. మామూలుగా నాలుగు అంగుళాల బిళ్ల మీద 15,200 అని, ఏడు అంగుళాల బిళ్ల మీద 8,500 అని ఉంటుంది. నిమిషానికి అంతకు మించి తిప్పరాదని దాని అర్థం. గార్డు తీసేసి చిన్న మిషనుకు పెద్ద బిళ్ల వేసేవారు మిషను వేగాన్నీ, బిళ్ల మీది అంకెనూ పక్కపక్కన పెట్టి చూడరు. మధ్యనున్న ఇనుప చుట్టు మీద గడువు తేదీ ఉంటుంది, అది కూడా చూడు. కొత్త బిళ్లను బిగించిన తరువాత ముఖం పక్కకు పెట్టి ఒక నిమిషం ఉత్తగా తిరగనిచ్చి, ఆ తరువాతనే ఇనుముకు ఆనించు.

బెంచి గ్రైండరు రాయిని బిగించే ముందు, కుండ కొనేటప్పుడు అమ్మ వేలితో కొట్టి చూసినట్టు, దానిని వేలికి వేలాడదీసి పేచ్‌కస్ చెక్క పిడితో మెల్లగా తట్టి చూడాలి. ఖంగుమంటే మంచిది, మొద్దుగా పలికితే లోపల పగులు ఉన్నట్టే. రాయికీ, పని ఆనించే పట్టీకీ మధ్య సందు 3 మిల్లీమీటర్లు దాటరాదు. దాటితే చిన్న ఇనుప ముక్క ఆ సందులోకి వేలితో సహా పోతుంది.

ఇక డ్రిల్లింగ్ మిషను దగ్గర చేతులకు గ్లౌజులు వేసుకోవద్దు. వింతగా ఉంటుంది కానీ, వట్టి చర్మానికి గీత పడి వదిలిపోయే చోట, గ్లౌజు దారాన్ని రంధ్రం వేసే బర్మా చుట్టుకుని చేతిని లాగుతుంది. జడ ముడి వేసి టోపీలోకి దోపుకో, చున్నీ తీసి పెట్టు, గాజులు కూడా వద్దు. చున్నీ విషయంలో అమ్మ ఏమన్నా సరే, మిషను ముందు నా మాట విను. ముక్కను చేతితో పట్టుకోకుండా వైస్‌లో బిగించు. ఇనుప ఉలి తల పుట్టగొడుగులాగా విచ్చుకుంటే, అంచులు రాలి ఎగరక ముందే గ్రైండరు మీద సాపు చేసుకో. వెల్డింగు నీ వంతు వచ్చేసరికి ఇంకొక ఉత్తరం వ్రాస్తాను. అప్పటిదాకా దూరం నుండి కూడా ఆ వెలుగును చూడవద్దు, అర్ధరాత్రి కళ్లలో ఇసుక పోసినట్టుంటుంది.

బుధవారం మీ మామ అటు వస్తున్నాడు, పిడులు అతనితో పంపుతున్నాను. ఎండిన తుమ్మ కర్రతో చేసి, రోకలికి పొన్ను వేసినట్టే ఇత్తడి గొట్టం ముక్కతో ఒక్కొక్క దానికీ పొన్ను వేశాను, చీలిపోవు. మూడు పెద్ద ఆకురాళ్లకు, ఒకటి మూడు పలకల చిన్న దానికి. తోకను రంధ్రంలో నిటారుగా పెట్టి, ఆకురాయి పైకి ఉండేట్టు పిడిని పట్టుకుని, పిడి అడుగును బల్ల మీద రెండు మూడు సార్లు తట్టితే తోక దానంతట అదే దిగుతుంది. ఆకురాయి మీద మాత్రం సుత్తి పడకూడదు. వదులుగా ఉంటే తిరిగి పంపు, బిగుతుగా ఉంటే బలవంతం చేయకుండా బర్మాతో రంధ్రాన్ని కొంచెం పెద్దది చేసుకో. నీ తోటి పిల్లలకు ఇంకా ఎన్ని కావాలో, తోకల వెడల్పు కొలిచి వ్రాయి. తుమ్మ కర్ర ఇంకా మిగిలి ఉంది.

నాన్న