బీరువాలోని పాత ఐప్యాడ్ గురించి నాన్నగారికి

డబ్లిన్

పూజ్యులైన నాన్నగారికి నమస్కారములు.

ఇక్కడ మేమందరం క్షేమం. 1976లో మన విశాఖ ఓడరేవులో ఔటర్ హార్బర్ మొదలైన నాటి సంగతులు రాయడానికి మీరు కొత్త ట్యాబ్ కొనాలనుకుంటున్నారని అమ్మ ఫోనులో చెప్పింది. దయచేసి అప్పుడే కొనకండి. బీరువాలో ఉన్న ఐప్యాడ్ ఎయిర్ 2 మీ పనికి చాలు. 2014లో వచ్చిన ఆ మోడల్‌లోని 2 జీబీ ర్యామ్ (పని చేసేటప్పుడు వాడే జ్ఞాపకశక్తి) నేటి ఆటలకు ఆనదు గాని, తెలుగులో నాలుగు పేజీలు రాసుకోవడానికీ, పీడీఎఫ్‌లో ఒక పాత పుస్తకం చదువుకోవడానికీ ధారాళంగా సరిపోతుంది. అది నత్తనడక నడవడానికి ఇన్నేళ్లుగా మనం అందులో కుక్కిన యాప్‌లే చాలావరకు కారణం. కనుక ముందు దాన్ని ఖాళీ చేయాలి.

చాలాకాలం వాడకుండా ఉంది కాబట్టి, ఛార్జింగ్ పెట్టే ముందు ఒకసారి పక్కనుంచి పట్టి చూడండి. తెర అంచు ఏమాత్రం పైకి లేచినట్టు కనిపించినా లోపల బ్యాటరీ ఉబ్బిందని అర్థం. అప్పుడు ఛార్జర్ జోలికి పోకుండా రిపేరు దుకాణంలో చూపించండి. విశాఖ ఉప్పుగాలికి కిటికీ ఊచలే తుప్పు పట్టిపోతాయి గనుక, ఛార్జింగ్ రంధ్రాన్ని కూడా పొడిగా ఉన్న మెత్తటి బ్రష్‌తో శుభ్రం చేయండి.

ఫొటోలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించుకున్న తరువాత, సెట్టింగ్స్‌లో జనరల్ విభాగానికి వెళ్లి రీసెట్ కింద ఉండే ‘ఎరేజ్ ఆల్ కంటెంట్ అండ్ సెట్టింగ్స్’ నొక్కండి. యాపిల్ ఐడీ పాస్‌వర్డ్ అడుగుతుంది, దగ్గర పెట్టుకోండి. మళ్లీ తెరుచుకున్నాక పాత బ్యాకప్ తెచ్చుకోమంటారా అని అడిగితే ఒప్పుకోవద్దు. ఊడ్చి బయట పోసిన చెత్తను చాటతో తిరిగి ఇంట్లోకి ఎత్తుకొచ్చినట్టవుతుంది. తరువాత సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ తప్పక చేయించండి. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అనే మన అక్షరం మెసేజ్‌లో వస్తే చాలు, ఐఫోన్లలోనూ ఐప్యాడ్లలోనూ యాప్‌లు కుప్పకూలిపోయేవి, 11.2.6 అప్‌డేట్‌తో గాని ఆ బెడద తీరలేదు. జ్ఞాపకాలు రాయబోయే మీకు ఆ అక్షరం లేకపోతే ఎలా గడుస్తుంది? ఈ మోడల్ దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ ఐప్యాడ్ ఓఎస్ 15 దగ్గర ఆగిపోయింది, 16 దీనికి రాలేదు. పాతబడిన సాఫ్ట్‌వేర్‌ను పూర్తిగా నమ్మలేం, అందువల్ల బ్యాంకు, పింఛను వ్యవహారాలు మాత్రం ఇందులో పెట్టకండి.

ఇక అసలు విషయం. నోట్స్, బుక్స్, ఫొటోలు, నిఘంటువు తప్ప తెర మీద మరేమీ ఉండనక్కరలేదు. సెట్టింగ్స్‌లో స్క్రీన్ టైమ్ తెరిచి, కంటెంట్ అండ్ ప్రైవసీ రిస్ట్రిక్షన్స్ కింద ఇంటర్నెట్ చూసే సఫారీని ఆపేస్తే ఆ గుర్తే కనిపించకుండా పోతుంది; కొత్త యాప్‌లు ఎక్కించే వీలును కూడా అక్కడే మూసివేయవచ్చు. దానికి పెట్టే పాస్‌కోడ్ అమ్మకు మాత్రమే తెలియనివ్వండి. మీ మీద నమ్మకం లేక అనడం లేదు. వాట్సాప్‌లో మీ రిటైర్డ్ మిత్రబృందం పంపే సుప్రభాతాల ధాటి నాకు తెలుసు కనుక అంటున్నాను. గైడెడ్ యాక్సెస్ అనే సదుపాయాన్ని ఆన్ చేసుకుంటే, హోమ్ బటన్‌ను మూడుసార్లు నొక్కి అప్పుడు తెరిచి ఉన్న ఒక్క యాప్‌లోనే కట్టుబడి ఉండవచ్చు.

తెరను నలుపు తెలుపులోకి మార్చుకోమని సలహా ఇచ్చేవారు చాలామంది ఉన్నారు. నిత్యం ఫోను గీకుతూ ఉండే కుర్రవాళ్లకు అది పనికొస్తుందేమో గాని, డాల్ఫిన్స్ నోస్ కొండ దగ్గర ఓడల ఫొటోలు చూసుకుంటూ రాసే మీకు రంగులు ఉండాల్సిందే. వైఫై విషయంలో మాత్రం నేను కఠినంగానే చెబుతాను: రాసేటంతసేపూ ఆపి ఉంచండి, ముగించాక కాసేపు ఆన్ చేయండి. యాపిల్ ఉచితంగా ఇచ్చే 5 జీబీ ఆన్‌లైన్ నిల్వ, ఐక్లౌడ్‌లోకి మీ రాత భద్రంగా చేరిపోతుంది, ఐప్యాడ్‌కు ఏమైనా పేజీలు పోవు.

తెలుగు కీబోర్డును సెట్టింగ్స్‌లోనే చేర్చుకోవచ్చు. ఇదంతా పక్కింటి అబ్బాయిని పిలిచి చేయించండి. పనిలో పనిగా యూట్యూబ్ కూడా వేసిపెట్టనా తాతగారూ అని అతను తప్పకుండా అడుగుతాడు. కాఫీ ఇచ్చి పంపేయండి.

అమ్మకు నా నమస్కారాలు.

ఇట్లు,
మీ కుమార్తె