తత్వశాస్త్రంలో ‘అనుమానం’ అంటే సందేహం కాదు

సంపాదకులకు నమస్కారం.

పోటీ పరీక్షల అభ్యర్థుల కోసం మీ విద్యా పేజీలో ఈ మధ్య తత్వశాస్త్ర శాఖల పట్టిక ఒకటి వచ్చింది. శాఖకు ఒక వాక్యం చొప్పున చక్కగా సర్దారు. అయితే అందులో ‘అనుమాన ప్రమాణం’ ఎదురుగా ‘సందేహించి తెలుసుకోవడం’ అని ఉంది. ‘అధిభౌతిక శాస్త్రం’ ఎదురుగా ‘ప్రపంచానికి పైన ఉండే ఆత్మలు, దేవతల గురించి చెప్పేది’ అని ఉంది. రెండూ తప్పే. యూపీఎస్సీ మెయిన్స్‌లో తత్వశాస్త్రాన్ని ఐచ్ఛికంగా తీసుకున్నవాళ్లకు అది రెండు పేపర్లు, 500 మార్కులు. తీసుకోనివాళ్లకు కూడా జనరల్ స్టడీస్ నాలుగో పేపరు నీతిశాస్త్రమే, 250 మార్కులు. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగైనా రాస్తున్నాం.

తప్పు పట్టిక రాసినవారి ఒక్కరిది కాదు. తత్వశాస్త్రం వాడే మాటలన్నీ మన ఇళ్లలో ఇంకో అర్థంతో తిరుగుతున్నాయి. కడప, అనంతపురం పల్లెల్లో ‘తత్వం’ అంటే ముందు గుర్తొచ్చేది పాట, బ్రహ్మంగారి తత్వం. ‘దర్శనం’ అంటే తిరుమల క్యూ. ‘సిద్ధాంతి’ అంటే పంచాంగం చూసే ఆయన. ‘మీమాంస’ అంటే తేల్చుకోలేకపోవడం. ‘తర్కించడం’ అంటే ఎదురు మాట్లాడటం. ‘ప్రమాణం’ అంటే ఒట్టు. పిల్లలు ఈ అర్థాలతోనే క్లాసులోకి వస్తారు. అక్కడ ఎవరూ వాటిని విప్పి చెప్పకపోతే, నిర్వచనాలు కంఠతా వచ్చినా ప్రశ్న అర్థం కాదు.

ముందు జ్ఞానమీమాంస. మనకు ఏదైనా తెలుసు అనడానికి ఆధారం ఏమిటి, ఆ ఆధారం ఎంతవరకు గట్టిది అని అడిగే శాఖ ఇది. ఇక్కడ ప్రమాణం అంటే ఒట్టు కాదు, సరైన జ్ఞానాన్ని పుట్టించే సాధనం. ఒట్టు వేసినంత మాత్రాన మాట నిజమైపోదు. మన దేశపు తత్వ సంప్రదాయాల్లో చార్వాకులు ప్రత్యక్షం ఒక్కటే ప్రమాణమన్నారు. బౌద్ధులు, వైశేషికులు దానికి అనుమానాన్ని, అంటే గుర్తును బట్టి కనబడనిదాన్ని తెలుసుకోవడాన్ని, కలిపారు. సాంఖ్యులు శబ్దాన్ని కలిపి మూడన్నారు. నైయాయికులు ఉపమానంతో నాలుగన్నారు. ప్రాభాకర మీమాంసకులు అర్థాపత్తితో (మరోలా కుదరదు కాబట్టి ఇలాగే అయ్యుండాలని తెలుసుకోవడం) ఐదు, భాట్ట మీమాంసకులూ అద్వైతులూ అనుపలబ్ధితో (కనబడకపోవడాన్ని బట్టి లేదని తెలుసుకోవడం) ఆరు అన్నారు. ఈ లెక్కను బట్టీ పట్టడం సులువు. కానీ పరీక్షలో అడిగేది తేడా, అది బట్టీకి లొంగదు.

ఆ తేడా చూపడానికి మన దగ్గరే మంచి ఉదాహరణ ఉంది. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి, వజ్రకరూరు చేలల్లో జనం వజ్రాలు వెతుకుతారు. ఒకరికి మెరిసే రాయి దొరికింది. మెరుపు కంటికి కనబడింది, అది ప్రత్యక్షం. పచ్చి వజ్రం ఎలా ఉంటుందో పెద్దవాళ్లు ముందే పోల్చి చెప్పి ఉన్నారు, ఆ పోలిక చూసి ‘వజ్రం అనే మాటకు అర్థం ఇదీ’ అని గుర్తుపట్టాడు, అది ఉపమానం. (కవిత్వంలోని ఉపమానం వేరు.) గాజు మీద గీసి చూశాడు, గీత పడింది, కాబట్టి వజ్రమే అన్నాడు, ఇది అనుమానం. వ్యాపారి దగ్గరికి తీసుకెళ్లి అతని మాట విన్నాడు, అది శబ్దం. శబ్దం ప్రమాణం కావాలంటే చెప్పేవాడు ఆప్తుడు కావాలి, అంటే విషయం తెలిసినవాడూ, తెలిసింది తెలిసినట్టు చెప్పేవాడూ కావాలి. వ్యాపారికి రాళ్లు తెలుసు, సందేహం లేదు. కానీ తక్కువ ధరకు కొనాలన్న ఆశ ఉన్నప్పుడు రెండో షరతు నిలబడుతుందా? తెలిసిన ప్రతివాడూ ఆప్తుడు కాడని విద్యార్థికి ఇక్కడ అర్థమవుతుంది.

పై అనుమానంలో ఒక తప్పు ఉంది, అది పట్టుకోవడం తర్కశాస్త్రం పని. నైయాయికుల పద్ధతిలో అయిదు అవయవాలుగా (మెట్లుగా) పెట్టి చూడాలి. ప్రతిజ్ఞ: ఈ రాయి వజ్రం. హేతువు: గాజును గీస్తుంది కాబట్టి. ఉదాహరణ: గాజును గీసేదల్లా వజ్రమే, ఫలానా వజ్రంలాగా. ఉపనయం: ఈ రాయి కూడా అలా గీసేదే. నిగమనం: కాబట్టి ఇది వజ్రం. మూడో మెట్టు దగ్గర కూలిపోతుంది. కాఠిన్యం కొలిచే మోస్ కొలమానంలో గాజు దాదాపు 5.5 దగ్గర ఉంటుంది. మన చేలల్లో ఎక్కడ చూసినా ఉండే పలుగురాయి 7. అది కూడా గాజును గీస్తుంది, వజ్రం మాత్రం కాదు. హేతువు సాధ్యం (నిరూపించదలచినది, ఇక్కడ వజ్రం కావడం) ఉన్నచోటా ఉంది, లేనిచోటా ఉంది. దీన్నే సవ్యభిచార హేత్వాభాసం అంటారు, హేత్వాభాసం అంటే హేతువులా కనబడే తప్పు హేతువు. 9 కాఠిన్యం ఉన్న కురువిందాన్ని (కోరండం) గీసిందని హేతువు మారిస్తే వాదం చాలా బలపడుతుంది, ఎందుకంటే సహజంగా దొరికే ఖనిజాల్లో వజ్రం ఒక్కటే 10.

హేతువుకూ సాధ్యానికీ ఉన్న, ఎన్నడూ విడిపోని జోడీని వ్యాప్తి అంటారు. ‘పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది’ నిలిచే వ్యాప్తి. తిరగేసి ‘నిప్పు ఉన్నచోట పొగ ఉంటుంది’ అంటే నిలవదు, కొలిమిలో ఎర్రగా కాలిన ఇనుప ముద్దకు పొగ రాదు. నిప్పుకు తోడు పచ్చికట్టె కావాలి. బయటికి చెప్పకుండా లోపల పనిచేసే ఈ షరతుకు ఉపాధి అని పేరు. ఉపాధి అంటే ఉద్యోగం అనుకునే అభ్యర్థికి ఈ పేరా ఎంత గందరగోళంగా ఉంటుందో చూడండి. ఇక హేతువు, వ్యాప్తి అన్నీ సరిగ్గా ఉన్నా పక్షంలోనే హేతువు లేకపోతే, అంటే రాయి అసలు గాజును గీయకపోతే, అది అసిద్ధం. విద్యార్థులు సవ్యభిచారాన్నీ అసిద్ధాన్నీ తరచు కలిపేస్తారు. ‘తప్పు వ్యాప్తిలో ఉందా, పక్షంలో ఉందా’ అని అడిగితే చిక్కు విడిపోతుంది. పక్షం అంటే ఇక్కడ పార్టీ కాదు, దేని గురించి వాదిస్తున్నామో ఆ వస్తువు.

ఇంకో చిక్కు ఉంది. నమ్మకం నిజమైంది, ఆధారమూ ఉంది, అయినా అది జ్ఞానమేనా? 8వ శతాబ్దపు బౌద్ధ తార్కికుడు ధర్మోత్తరుడు దీన్ని ఎండమావితో చూపాడు. దప్పికతో పోయేవాడు ఎండమావిని చూసి నీళ్లనుకుని పరుగెత్తాడు, తీరా అక్కడ రాతి కింద నిజంగానే నీళ్లున్నాయి. దప్పిక తీరింది, నమ్మకం నిజమైంది, కానీ అది జ్ఞానం కాదు. 1963లో అమెరికన్ తత్వవేత్త గెట్టియర్ మూడే పేజీల వ్యాసంలో ఇదే ప్రశ్నను పాశ్చాత్యుల ముందు పెట్టాడు. మే నెలలో అనంతపురం రోడ్ల మీద తిరిగేవారెవరికీ ఎండమావిని వేరే వివరించక్కర్లేదు, మన పాఠ్యపుస్తకాలు ఈ ఉదాహరణను ఎందుకు వదిలేస్తాయో తెలియదు.

తత్వమీమాంస గురించి. మీ పట్టికలోని అధిభౌతిక శాస్త్రం ఇదే. అధిభౌతికం అన్న పేరే తప్పుదారి పట్టిస్తుంది. అరిస్టాటిల్ రచనలను తర్వాతి కాలంలో వరుసపెట్టినప్పుడు ఈ పుస్తకాలు భౌతికశాస్త్ర గ్రంథాల ‘తర్వాత’ వచ్చాయి, పేరు అలా పడిందని చెబుతారు. ‘తర్వాత’ కాస్తా ‘పైన’ అయి, తెలుగులో ‘అధి’గా స్థిరపడింది. ఈ శాఖ అడిగేది: ఉన్నవన్నీ ఎన్ని రకాలు? మారుతున్న వస్తువు అదే వస్తువుగా ఎలా ఉంటుంది? కారణం అంటే ఏమిటి? దేవుడూ ఆత్మా అందులో కొన్ని ప్రశ్నలు మాత్రమే. వైశేషికుల ఏడు పదార్థాలు ద్రవ్యం, గుణం, కర్మ, సామాన్యం, విశేషం, సమవాయం, అభావం. ఇక్కడ కర్మ అంటే తలరాత కాదు, కదలిక. సామాన్యం అంటే మామూలు కాదు, ఆవులన్నిటిలో ఉండే ఆవుతనం.

కారణం మీద వాదం మన పంటతోనే చెప్పవచ్చు. వేరుశనగ గింజలు గానుగాడితే నూనె వస్తుంది, ఇసుక ఆడితే రాదు. కాబట్టి కార్యం, అంటే పుట్టిన ఫలితం, కారణంలో ముందే ఉందంటారు సాంఖ్యులు. కుండ మట్టిలో ముందే ఉంటే మట్టిముద్దతోనే నీళ్లు మోయొచ్చు కదా, కుమ్మరి ఎందుకని నైయాయికులు ఎదురడుగుతారు. గింజలో దాదాపు సగం నూనె ఉంటుందని ప్రయోగశాల కొలిచి చెప్పగలదు. ‘కొత్తగా పుట్టడం’ అన్న మాటకు అర్థం ఏమిటో మాత్రం ఆ కొలత చెప్పదు. ఈ శాఖకు సొంత పని ఉందనడానికి ఇదే గుర్తు. వజ్రకరూరు పక్కనున్న కొనకొండ్లను జైన సంప్రదాయం తమ తత్వవేత్త కుందకుందాచార్యుల ఊరిగా చెబుతుంది. లోకవ్యవహారం నుంచి చూసే వ్యవహార నయం, వస్తువు అసలు స్వభావం నుంచి చూసే నిశ్చయ నయం అని ఆయన విడదీసిన పద్ధతి తత్వమీమాంస విద్యార్థి తప్పక చదవాలి.

నీతిశాస్త్రాన్ని మీ పట్టిక ‘మంచి నడవడి నేర్పేది’ అంది. మంచి నడవడి నేర్పడానికి పెద్దలున్నారు, శాసనాలున్నాయి. గుత్తి నుంచి పత్తికొండ వెళ్లే దారిలో ఎర్రగుడి రాళ్ల మీద అశోకుడు తల్లిదండ్రుల మాట వినండి, ప్రాణుల పట్ల దయ చూపండి, నిజం చెప్పండి అని క్రీ.పూ. 3వ శతాబ్దంలోనే చెక్కించాడు. అది నీతి. నీతిశాస్త్రం దాని తర్వాతి ప్రశ్నతో మొదలవుతుంది: రాజు చెప్పాడు కాబట్టి ఇవి మంచివా, మంచివి కాబట్టి రాజు చెప్పాడా? రెండోదైతే ఆ మంచితనం ఎక్కడి నుంచి వచ్చింది? ఆ రాతి మీదే ఉన్న రెండు విధులు ఒకదానికొకటి అడ్డుపడితే? దొంగలు తరుముతుంటే పారిపోయినవాళ్లు ఎటు వెళ్లారో నిజం చెప్పేసిన కౌశికుడు నరకానికి పోయాడని మహాభారతం కర్ణపర్వం చెబుతుంది. 1797లో జర్మన్ తత్వవేత్త కాంట్ సరిగ్గా ఇలాంటి సందర్భంలో కూడా అబద్ధం ఆడరాదని వాదించాడు. ఇంగ్లిష్ తత్వవేత్త మిల్ అయితే ఎవరికెంత మేలు, ఎంత కీడు అని ఫలితం చూడమంటాడు. అరిస్టాటిల్ ‘మంచి మనిషి ఇక్కడ ఏం చేస్తాడు’ అని అడుగుతాడు. నాలుగో పేపరులో కేస్ స్టడీకి ‘నిజాయితీగా వ్యవహరిస్తాను’ అని రాస్తే మార్కులు రాకపోవడానికి కారణం ఇదే. ఏ విధి ఏ విధికి అడ్డుపడింది, దేన్ని ఎందుకు వెనక్కి నెట్టారు అన్నది రాయాలి. ‘ఎప్పటినుంచో ఇలాగే జరుగుతోంది’ అన్న వాక్యం నుంచి ‘ఇలాగే జరగాలి’ అన్న వాక్యం రాదని స్కాట్లండ్ తత్వవేత్త హ్యూమ్ చెప్పిన మాట కూడా గుర్తుంచుకోవాలి. చాలా జవాబులు అక్కడే జారిపోతాయి.

రాజకీయ తత్వశాస్త్రం మీ పట్టికలో లేనే లేదు. రాయలసీమ పత్రికలో అది లేకపోవడం మాకు బాధ కలిగించింది. నీళ్లు ఎవరికి ముందు, అవసరాన్ని బట్టా, పాత వాడకాన్ని బట్టా, సమానంగానా అన్నది పంపిణీ న్యాయం ప్రశ్న. కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య కుదిరిన 1937 శ్రీబాగ్ ఒప్పందం నుంచి మనం దాన్ని అడుగుతూనే ఉన్నాం. తన పొలం కె.సి. (కర్నూలు-కడప) కాలువ మొదట్లో ఉందో చివర్లో ఉందో తెలియకుండా వంతుల నియమం రాయమంటే మనిషి ఏం రాస్తాడు? 1971లో అమెరికన్ తత్వవేత్త రాల్స్ ప్రతిపాదించిన అజ్ఞానపు తెర అంటే ఇదే.

సౌందర్యశాస్త్రం గురించి ఒక్క మాట. అది అందమైన వస్తువుల జాబితా కాదు. నిమ్మలకుంట తోలుబొమ్మలాటలో ఏడుపు కథ చూసి ఏడ్చినవాళ్లు మళ్లీ ఎందుకు వస్తారన్నది దాని ప్రశ్న. ఆ దుఃఖం నాదీ కాదు, నీదీ కాదు అన్నట్టు అందరిదీ అయిపోతుందని, అందుకే అది రసం, అంటే ఆస్వాదించే అనుభూతి, అవుతుందని పాతకాలపు అలంకారశాస్త్ర పండితులు భట్టనాయకుడు, అభినవగుప్తుడు చెప్పారు.

మా మనవి ఇది. పట్టికను సవరించి మళ్లీ వేయండి. ప్రతి పారిభాషిక పదం పక్కన ఇంటి అర్థం ఒకటి, శాస్త్రంలోని అర్థం ఒకటి, రెండూ వేయండి. తత్వశాస్త్రంపై వచ్చే వ్యాసాలను భక్తి పేజీలో కాక విద్యా పేజీలో ఉంచండి. ఇవన్నీ వెంటనే కుదరకపోతే ‘అనుమానం’ వరుస ఒక్కటైనా ముందుగా మార్చండి: ‘వ్యాప్తి తెలిసిన హేతువును పక్షంలో చూసి, కంటికి కనబడని సాధ్యాన్ని తెలుసుకోవడం.’

ఇట్లు,
తత్వశాస్త్ర అధ్యాపకులు కొందరు,
కడప