రెండో గవాచి

కర్నూలు,
ఆగస్టు 17, ఆదివారం.

చిన్నీకి నాయన దీవించి రాసేది.

ఈడ అందరం బాగుండాం. కేసీ కాలువకు నీళ్లొచ్చినాయి. రిటైరై నాలుగేండ్లయినా పొద్దున లేస్తే నా కాళ్లు కాలువ గట్టుకే పోతాయి. మొన్న ఒక పిల్లోడు గట్టు మీద నిలబడి ప్లాస్టిక్ కవర్లు నీళ్లలోకి ఇసురుతుంటే గదమాయించినా. 'నువ్వెవరు తాతా' అన్నాడు. ముప్పై ఏండ్లు ఈ కాలువ మీద వర్క్ ఇన్‌స్పెక్టర్‌ని అని వానికి చెప్పుకునేదేముందిలే అని వచ్చేసినా.

నువ్వు ఫోన్ చేసి 23 దినాలైంది. అదేం పెద్ద సంగతి కాదు, క్యాలెండర్ చూస్తుంటే ఊరికే తెలిసింది. మీ అమ్మకు మెసేజీలు పెడుతున్నావు కదా, 'తిన్నా', 'పడుకుంటున్నా' అని. ఆమె అవి నాకు చదివి వినిపిస్తాది. నేను పెట్టేవాటికి నీలం టిక్కులు పడి ఊరుకుంటాయి కాబట్టి కాగితం మీద రాస్తున్నా. శెనక్కాయల పొడి డబ్బాతో పాటే వస్తాది. నూనె మరకలుంటే అది మీ అమ్మ చేతి పని.

జూన్‌లో నువ్వు పంపిన పెద్ద మెసేజ్ కండ్లద్దాలు పెట్టుకొని మళ్లీ నిదానంగా చదివినా. అహ్మదాబాద్‌లో పోళ్లు అనే పాత వాడలు మన గేరీల మాదిరే ఉంటాయన్నావు. ఒకటే పెద్ద వాకిలి, లోపల సందులు, అందరికీ కలిపి పావురాలకు గింజలేసే స్తంభం, ఇంటి నడుమ ముంగిలి, దాని కింద వాననీళ్ల టాంకా. ఇటుక గోడల్లో అడ్డంగా కట్టెలు పెట్టి కట్టినందుకే 2001 జనవరి భూకంపంలో పోళ్లలో చానా ఇండ్లు ఊగి నిలబడినాయని, కొత్త అపార్ట్‌మెంట్లు కొన్ని కుప్పకూలినాయని రాసినావు. ఆ పాతూరికి 2017లో యునెస్కో గుర్తింపు వచ్చిందని కూడా. అంతవరకు బాగుంది. ముందర గోడ, చెక్కడాల కిటికీలు అట్లే ఉంచి లోపలంతా తోడేసి హోటలు గదులు చేసిన హవేలీ చూసి ఏడుపొచ్చిందన్నావు చూడు, అది నాకు అర్థం కాలే. కూలిపోయేదాని కంటే హోటలు మేలు కదా? సరే, ఆ మాట అంటే ఇంకో 23 దినాలు మాట్లాడవు, అందుకే అనడంలే.

సబర్మతి ఒడ్డు గురించి రాసింది మాత్రం నాకు తెలిసిన పని. రెండు పక్కలా 11.5 కిలోమీటర్ల చొప్పున కాంక్రీటు గోడ కట్టి ఏటిని ఒకటే వెడల్పుకు తెచ్చినారు. అందులో నిండుగా కనపడే నీళ్లు సబర్మతివి కావు, నర్మద కాలువ నుంచి తెచ్చి నింపినవి. నువ్వు ఆ సంగతి రాయలే, నోట్స్‌లో రాసుకో. ఒడ్డున గుడిసెల్లో ఉండేవాళ్లను ఊరి అంచులకు పంపినారని, ఆదివారం గుజరీ బజారుకు వేరే తావు చూపించినారని, నువ్వు పోయి పాత తలుపులు అమ్మే ముసలాయనతో గంటసేపు మాట్లాడినావని రాసినావు. మంచిదే. ఎండలో టోపీ పెట్టుకున్నావా? ఇంకో సంగతి అడిగింటే బాగుండేది. పైన ధరోయి డ్యాం గేట్లు ఒక్కసారి ఎత్తితే ఈ ఇరుకు చేసిన ఏట్లో నీళ్లు ఎంత ఎత్తు లేస్తాయి, గోడ ఎన్ని క్యూసెక్కులకు కట్టినారు? కట్టడం చదివే పిల్లలు గోడ బొమ్మ గీస్తారు, గోడకు అవతలి నీళ్లను గీయరు. లెక్చర్ ఇస్తున్నానా? ఇస్తున్నా. కానీ కాగితం కాబట్టి నువ్వు మధ్యలో 'నాయనా ప్లీజ్' అనలేవు.

చిట్టి పోయిన వారం వచ్చినాడు, బంగారత్త పంపిన మామిడి తాండ్ర ఇచ్చేదానికి. కాఫీ తాగుతా తాగుతా, 'మామా, చిన్ని మన పాతింటి బొమ్మ గీసి కాలేజీ గోడకు తగిలించిందంట, ఎవరో ఫోన్‌లో పెడితే చూసినా' అన్నాడు. కింద 'కూలబోయే ఇల్లు' అని రాసి ఉందంట. నీ చదువు, నీ గోడ, నాకేం. మీ అమ్మ మాత్రం కాఫీ గ్లాసులు తీసుకొని లోపలికి పోయింది, మళ్లీ రాలే. నాకు పట్టిందల్లా ఒకటే. బొమ్మలో మిద్దె కప్పులో వెలుతురుకు వదిలే గవాచులు రెండున్నాయంట. మన మిద్దెకు ఉండేది ఒకటే గవాచి, పడసాలలో. ఐదో సంవత్సరానికొచ్చినదానివి, ఉన్న ఇంటి లెక్క తప్పితే ఎట్ల?

బిల్డర్ సంగతి ఫోన్‌లో నేను చెప్పిన తీరు బాగాలేదు, ఒప్పుకుంటా. అన్నం తిన్నావా అని అడిగి, ఆ వెంటనే 'ఇల్లు ఇచ్చేస్తున్నాం' అనేది ఒక తీరా? కానీ నా మాట కూడా విను. మిద్దె అంటే మీకు ఫోటో. నాకు ఏటేటా జూన్ ముందర చౌడు మన్ను తెచ్చి పైన పరిచి, నీళ్లు చల్లి తొక్కించే పని. మీ జేజినాయన కాలంలో ఆ పనికి గేరిలోనే మనుషులుండిరి. ఇప్పుడు చౌడు యాడ దొరుకుతాదో చెప్పేవాళ్లు కూడా లేరు. కప్పు మోసే నడిమి దంతె చెద తినింది, వేలితో నొక్కితే పిండి రాలుతాది. పోయిన జులైలో రాత్రి వానకు పడసాలలో ఏడు గిన్నెలు పెట్టినాం, మంచం మూడుసార్లు జరిపినాం. బిల్డర్ నాలుగంతస్తులు కడతాడు, మనకు రెండు ఫ్లాట్లు, లిఫ్టు. మెట్లే లేని ఇంట్లో ఉన్నోళ్లకు లిఫ్టు ఎందుకంటావు. నువ్వు అడుగుతావని నాకు తెలుసు.

పాతవి నిలబడతాయి, కొత్తవి కూలుతాయి అని నువ్వు రాసినావే, దానికి నా సమాధానం 2009. నీకప్పుడు ఆరేండ్లు, ఎంత గుర్తుందో ఏమో. అక్టోబర్ 2, గాంధీ జయంతి, శుక్రవారం. శ్రీశైలం డ్యాం కట్టింది 19 లక్షల క్యూసెక్కుల లెక్కకు, ఆ వరదకు వచ్చింది 25 లక్షలు. పైనుంచి తుంగభద్ర, పక్కనుంచి హంద్రీ, కిందినుంచి వెనక్కి ఎగదన్నిన నీళ్లు. మన ఇంట్లోకి వాకిలి నుంచి రాలే, మొదట మోరీ నుంచి వచ్చినాయి, గుడగుడమని. మీ అమ్మ బియ్యం మూట అటక మీదికి ఎక్కించింది. మీ జేజి 'నేను పుట్టినకాటి నుంచి చూస్తున్నా, హంద్రీ మన గడప దాటదు' అని మంచం మీద కూర్చుంది. మంచం తేలినాక లేచింది.

నిచ్చెన వేసి అందరం మిద్దె ఎక్కినాం. నువ్వు నా మెడ పట్టుకొని ఉండావు. నీళ్లు మిద్దె అంచుకు మూరెడు కిందికొచ్చేసినాయి, కాళ్ల కింద మన్ను మెత్తబడుతుంది. ముప్పై ఏండ్లు కాలువ మీద తిరుగుతానని జీతం తీసుకున్నోడికి ఈత రాదు, అది నీకు ఎప్పుడూ చెప్పలే. అప్పుడు గాజుల సాయిబు తన రెండో అంతస్తు మీది నుంచి అరిచినాడు. ఆ స్లాబు ఇల్లు కట్టినప్పుడు మీ జేజి పొద్దుటి ఎండ అడ్డమొచ్చిందని ఆయనతో రెండేండ్లు మాట్లాడలే, నీకు తెలుసు కదా. అదే నిచ్చెనను పైకి లాగి సందు మీద అడ్డంగా వేసినాం. ఆ పక్క సాయిబు కొడుకులు పట్టుకున్నారు. మొదట నువ్వు, తర్వాత మీ అమ్మ. మీ జేజి నాలుగు కాళ్ల మీద పాకింది, ఆకువక్కల సంచి పండ్లతో పట్టుకొని. ఆ రాత్రి ఆ స్లాబు మీద ముప్పై మందిమి, సాయిబు వాళ్లింట్లో ఉన్న బొరుగులే అందరికీ అన్నం. మీ జేజి ఆకు నములుతా, 'సాయిబూ, ఇంకో రెండు మూరలు ఎత్తు కట్టింటే నీ సొమ్మేం పోయింది' అనింది. ఆయన నవ్వినాడు చూడు, ఆ నవ్వు నాకు ఇంకా వినపడతాది. మనల్ని కాపాడింది సిమెంటు, చిన్నీ. నీ పోళ్లు కాదు, నా మిద్దె కాదు.

నీళ్లు తీసినాక ఇల్లు నిలబడే ఉంది. సంతోషపడినాం. మట్టి గోడ ఒక్కోసారి నీళ్లలో ఉన్నప్పుడు పడదు, నీళ్లు పోయి ఎండ కాసినాక పడతాది. మూడో నాడు పొద్దున తొమ్మిదింటప్పుడు వంటింటి పడమటి గోడ, మనిషి అలిసిపోయి చతికిలబడినట్టు, చప్పుడు లేకుండా కూర్చుంది. దాని మీది దంతెలు, మన్ను, గవాచి

ఇక్కడ పెన్ను పెట్టేసి లేచి పోయినా. మీ అమ్మ ఏమైందని అడిగితే చెప్పలే. ఇప్పుడు రేకులున్న వంటింట్లో నిలబడి పైకి చూసినా. ఉండింది. వంటింట్లో ఇంకొకటి ఉండింది, పొయ్యి మీదికే, పొగ పోయేదానికి. వాన పడితే మీ జేజి కట్టెతో దాని మీద కుండపెంకు జరిపేది. మధ్యాహ్నం రూపాయి బిళ్లంత ఎండ రోటి మీద పడితే నువ్వు చేయి పెట్టి ఆపేదానివి. పదహారేండ్లు నాకు అది లేదు. నీ లెక్క తప్పు అని చిట్టి ముందర కూడా అన్నా, వానికి చెప్పాల.

పండగకు నువ్వు వస్తావా రావా అని మీ అమ్మ అడగమనింది. టికెట్ ముందే చేసుకో, వెయిటింగ్ లిస్టులో ఎక్కి వాకిట్లో కూర్చొని రావద్దు. జొన్నరొట్టె దొరకలేదని బ్రెడ్డు తింటున్నావంట, పొడి నూనెలో కలుపుకొని అన్నంలోకి తిను. జుట్టు ఊడుతుందని అమ్మతో అన్నావంట. రాత్రి రెండింటి దాకా మోడళ్లు అతికిస్తే ఊడదా?

బిల్డర్ శ్రావణంలోనే అగ్రిమెంటు రాసుకుందాం అన్నాడు. ఈ నెలలో నాకు కుదరదన్నా. మరి వచ్చే నెల అన్నాడు. భాద్రపదం శూన్యమాసం కదా, దసరా పోనీ చూద్దాం అన్నా. నువ్వు ఎప్పటినుంచి పంచాంగం చూస్తున్నావని మీ అమ్మ అడిగింది.

నీ బొమ్మకు పనికొస్తాయేమోనని కొలతలు రాస్తున్నా. పడసాల 18 అడుగుల 4 అంగుళాలు, 11 అడుగుల 2 అంగుళాలు. ఉన్న గవాచి జానెడు మీద నాలుగు వేళ్లు, టేపుతో అయితే 12 అంగుళాలు. వీధి గోడ మందం 2 అడుగుల 3 అంగుళాలు. వంటింటిది పాత పునాది బండలు పెరట్లో కనపడుతున్నాయి, కొలవబోయినా. మీ అమ్మ మోకాళ్ల నొప్పితో వంగలేదు, చిట్టి వెళ్లిపోయినాడు. టేపు రెండో కొన పట్టుకునేవాళ్లు లేక అది అట్లే ఉంది.

మీ నాయన