వేసవి శిబిరం ఏటికొప్పాకలో పెట్టరాదా?

అయ్యా,

నిరుడు వేసవిలో మా మనవణ్ణి సమ్మర్ క్యాంపులో చేర్పించాం. పది రోజులూ ఏసీ గదిలో థర్మాకోల్ ముక్కలకు రంగులేయించారు. ఫీజు మాత్రం ఘనం! ఈసారి నేనే వాణ్ణి వరాహ నది ఒడ్డున ఉన్న, లక్క బొమ్మలకు పేరుపడ్డ ఏటికొప్పాక తీసుకెళ్లాను. గిర్రున తిరిగే అంకుడు కర్రకు రంగు లక్క ఆనించగానే రాపిడి వేడికి కరిగి రంగు పట్టేసింది. మొగలి ఆకుతో రుద్దితే నిగనిగలాడింది. సెల్‌ఫోన్ కోసం పేచీ పెట్టేవాడు రెండు గంటలు కదల్లేదు. ఆ పసుపు రంగు వంటింటి పసుపేనా అని పనివారిని విసిగించాడు కూడా.

ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషం. మే నెలలో బడిపిల్లల కోసం ఆర్టీసీ ప్రత్యేక బస్సు వేసి, పని నేర్పే కళాకారులకు ప్రభుత్వం రోజు కూలీ ఇస్తే బాగుంటుంది. క్యారేజీలు మేమే కట్టిస్తాం.

– ఓ అమ్మమ్మ, అనకాపల్లి